ఎండ దిగేది మిద్దె మీంచే

కడప, అనంతపురం, కర్నూలు పట్టణాలు మూడూ ఉత్తర అక్షాంశం 14, 16 డిగ్రీల మధ్య ఉన్నాయి. ఇక్కడ ఏప్రిల్ ఆఖరు నుంచి మే మొదటి వారం లోపల ఒకసారి, ఆగస్టు మొదటి పక్షంలో మరోసారి మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెండు తేదీల నడుమ కాస్త ఉత్తరానికి ఒరిగి ఉంటాడు. కనుక రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో దక్షిణపు గోడకు మధ్యాహ్నం ఎండ తగలనే తగలదు, తూర్పు పడమటి గోడలకు చెరో పూట తగులుతుంది, కప్పుకు మాత్రం పొద్దు పొడిచింది మొదలు కుంకేదాకా తగులుతూనే ఉంటుంది. ఒక్క అంతస్తు ఇళ్ళే ఎక్కువగా ఉన్న సీమ పల్లెల్లోనూ, చిన్న పట్టణాల కాలనీల్లోనూ ఇంట్లోకి చేరే వేడిలో పెద్ద వాటా పైనుంచి దిగేదే. అయినా ఇల్లు కట్టేటప్పుడు గోడల గురించీ, వాకిలి ముఖం గురించీ జరిగినంత ఆలోచన కప్పు గురించి జరగడం లేదు. కప్పంటే స్లాబే అన్నది ముందే తేలిపోయిన సంగతి అయిపోయింది.

వేడి దేశాల్లో కట్టి, పర్యావరణానికి భారం కానందుకు అంతర్జాతీయ పురస్కారాలు అందుకున్న భవనాలను ఈ దృష్టితో చూస్తే వాటిలో సీమకు పనికొచ్చేవేవో, పనికిరానివేవో తేలికగా విడిపోతాయి. ఉష్ణమండలం అన్న ఒక్క మాట కింద రెండు భిన్నమైన వాతావరణాలు ఉన్నాయి, తేమ నిండినది ఒకటి, పొడిది మరొకటి. శ్రీలంక వాస్తుశిల్పి జెఫ్రీ బావా కట్టడాలు, అంటే 2001లో ఆగా ఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డుల్లో అధ్యక్షుని పురస్కారం పొందిన ఆయన జీవితకాలపు కృషి, మొదటి రకానికి చెందినవి. కొలంబోలో పగటికీ రాత్రికీ ఉష్ణోగ్రతలో పెద్ద తేడా ఉండదు, గాలి నిండా తేమే. అలాంటి చోట ఇల్లు రోజంతా తెరుచుకుని ఉండాలి, గాలి ఆడుతూనే ఉండాలి. అందుకే ఆయన కట్టడాల్లో గోడ ఎక్కడ ముగిసిందో, తోట ఎక్కడ మొదలైందో తెలియనంత తెరపి కనబడుతుంది. అదే పద్ధతిలో అనంతపురంలో ఇల్లు కడితే మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల వడగాలి నట్టింట్లోకి నడిచి వస్తుంది. ఇక్కడ వేసవి రాత్రులు పగటి కంటే పది పదిహేను డిగ్రీలు చల్లబడతాయి. ఆ చల్లదనాన్ని రాత్రి పట్టుకుని, పగలు తలుపులు మూసి దాచుకోవడమే ఇక్కడి ఇంటి పని. సీమలోని పాత ఇళ్ళకు కిటికీలు చిన్నవిగా, తక్కువగా ఉండడం వెనుక దొంగల భయంతో పాటు ఈ లెక్క కూడా ఉంది.

రెండో రకం వాతావరణానికి చెందిన కట్టడం పడమటి ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో, గాండో అనే పల్లెలో ఉన్న ప్రాథమిక పాఠశాల. కట్టింది ఆ ఊరి బిడ్డ దియెబెదో ఫ్రాన్సిస్ కెరె. బెర్లిన్‌లో ఆర్కిటెక్చర్ చదువుకుంటూనే 1998లో ఒక సంఘం పెట్టి చందాలు పోగుచేసి, 2001 నాటికి ఆయన ఈ బడి పూర్తి చేశారు. 2004లో దానికి ఆగా ఖాన్ అవార్డు వచ్చింది. 2022లో ఆయనకే వాస్తుశిల్పులకిచ్చే పేరొందిన ప్రిట్జ్‌కర్ బహుమతి లభించింది, ఆ బహుమతి అందుకున్న మొదటి ఆఫ్రికా వాసి ఆయనే. గాండో కూడా సీమలాగే ఎండిన పొడినేల. నాలుగు నెలల వాన, మిగతా కాలమంతా ఎండ. కలప తక్కువ, ఉన్న కలపకు చెదలు ఎక్కువ. చేతిలో డబ్బు లేదు, ఊరి నిండా పనిచేసే చేతులున్నాయి. ఇన్ని పోలికలున్న చోటు మరొకటి దొరకడం కష్టం కనుక ఆ బడి కప్పును కాస్త దగ్గరగా చూడడం మేలు.

గోడలు కొద్దిపాటి సిమెంటు కలిపి అచ్చులో నొక్కిన మట్టి ఇటుకలతో కట్టారు. గోడల మీద అడ్డంగా కాంక్రీటు దూలాలు పరిచి, వాటి మీద అవే మట్టి ఇటుకలను సున్నమూ సిమెంటూ లేకుండా సందులు వదిలి పేర్చారు. గదికి ఇది కప్పు. దీని మీద కొంత ఎత్తున, సన్నని ఇనుప కమ్ములను వెల్డింగు చేసి కట్టిన చట్రాల మీద రేకుల కప్పు నిలుస్తుంది. ఎండ నేరుగా తగిలేది రేకుకు. రేకు కాలుతుంది, కాని ఆ వేడి కింది కప్పును చేరేలోపు మధ్యలోని ఖాళీలో వీచే గాలి దాన్ని పట్టుకుపోతుంది. గదిలో వేడెక్కిన గాలి ఇటుకల సందుల్లోంచి పైకి లేచి అదే దారిన వెళ్ళిపోతుంది, దాని స్థానంలో కిటికీల నుంచి గాలి లోపలికి వస్తుంది. రేకుల చూరు గోడలను దాటి బాగా ముందుకు సాగడంతో మట్టి గోడల మీద వాన పడదు, తూర్పు పడమటి ఎండ కూడా చాలావరకు పడదు. చట్రాలకు పెద్ద యంత్రాలేవీ అక్కరలేదు. చేతి రంపం, చిన్న వెల్డింగు మిషను ఉంటే ఊరివాళ్ళే చేసుకోగలిగారు. అదే ఆవరణలోని గ్రంథాలయానికి ఊరి ఆడవాళ్ళు చేసిన కుండలను అడుగులు కోసి కప్పులో పోతపోశారు. వెలుతురూ గాలీ వాటి మూతుల్లోంచి రాకపోకలు సాగిస్తాయి.

కుండల సంగతి చదివిన సీమ పాఠకులకు గవాచి గుర్తుకు రాక మానదు. మట్టి మిద్దె కప్పులో వెలుతురు కోసం, పొయ్యి పొగ పోవడం కోసం వదిలే ఆ చిన్న రంధ్రం చేసే పనీ ఇదే. రాత్రి పూట ఇంట్లోని వేడిగాలి దాని గుండానే పైకి పోయేది, వాన పడితే దాని మీద ఒక బండ మూసేవారు.

మట్టి మిద్దె కప్పులోనూ పొరలున్నాయి, ప్రతి పొరకూ ఒక పని ఉంది. గోడల మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, దంతెల మీద సన్నకట్టెలో పలకలో పరిచి, వాటి మీద వేపమండలో కానుగమండలో కప్పేవారు. పురుగు చేరకుండా ఆ ఆకు చేదు కాపాడేది. దాని మీద తడిపిన మట్టిని అదిమి, అన్నిటికంటే పైన చవుడు పోసేవారు. చవుడు నేలలో సోడియం పాళ్ళు ఎక్కువ. తడి తగలగానే అందులోని బంకరేణువులు విడివడి సందుల్లో కూరుకుపోయి నీటి దారిని మూసేస్తాయి. పైరు వేస్తే నీరు ఇంకనివ్వని ఆ దుర్గుణమే మిద్దె మీదికెక్కితే సుగుణమైంది. ఏ పరిశోధనశాల సహాయమూ లేకుండా ఈ సంగతిని కనిపెట్టి తరాల పాటు వాడుకున్న రైతుల తెలివికి దక్కాల్సిన గౌరవం ఇప్పటికీ దక్కలేదు. అడుగు మందం మట్టి కప్పులో పైని వేడి కింది వైపుకు చేరడానికి ఇంచుమించు పది గంటలు పడుతుంది. మధ్యాహ్నపు ఎండ ఇంట్లోకి దిగేసరికి అర్ధరాత్రి అవుతుంది, అప్పటికి బయటి గాలి చల్లబడి ఉంటుంది.

దీన్ని చూసి పాత మిద్దెలు ఎంతో గొప్పవి, తిరిగి వాటికే పోదాం అనడం అన్యాయం. ఏటా వానలకు ముందు చవుడు తెచ్చి పోయాలి, గడ్డి మొలిస్తే పీకాలి, దూలానికి చెద పట్టిందేమో చూస్తూ ఉండాలి. కర్నూలు పడమటి మండలాల నుంచి, అనంతపురం పల్లెల నుంచి కుటుంబాలు కూలికి వలస పోతుంటే ఈ పనులు చేసేవాళ్ళే ఊళ్ళో ఉండరు. ఏడాది చవుడు తప్పిందంటే నీరు దిగుతుంది, తడిసిన మట్టి బరువు పెరుగుతుంది, నానిన దూలం విరుగుతుంది. ముసురు పట్టినప్పుడు పాత మిద్దెలు కూలి నిద్రలోనే మనుషులు పోయిన వార్తలు సీమలో కొత్త కాదు. ఆ భయం ఎరిగిన ఇల్లాలు స్లాబు ఇల్లు కావాలని కోరుకుంటే తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. స్లాబు గట్టిది, చెద పట్టదు, మీద మరో అంతస్తు వేసుకోవచ్చు, ధాన్యం ఆరబోసుకోవచ్చు. ఆ సుఖాలను వదులుకోకుండానే వేడిని ఆపే దారి ఉందా అన్నదే ఇక్కడి ప్రశ్న.

నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబులో వేడి మూడు నాలుగు గంటల్లో కింది వైపుకు చేరుతుంది. మధ్యాహ్నం ఒంటిగంట ఎండ సాయంత్రం నాలుగూ అయిదింటికి ఫ్యాను రెక్కల మీదికి దిగుతుంది, ఫ్యాను ఆ వేడినే గదంతా చిమ్ముతుంది. రాత్రి తొమ్మిదింటికి బయట చల్లగాలి తిరిగినా లోపలి కప్పు ఇంకా కాలుతూనే ఉంటుంది. మంచాలు మిద్దె మీదికి చేర్చడం ఇందువల్లనే. ముసలివాళ్ళు, బాలింతలు, జబ్బుపడినవాళ్ళు మెట్లెక్కలేక లోపలే ఉండిపోతారు, ఆ వేడి భారమంతా వాళ్ళ మీదే పడుతుంది. కేంద్ర ప్రభుత్వం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత, అంటే ఇళ్ళలో ఇంధన పొదుపు నిబంధనల ప్రకారం ఇంటి కప్పులో చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు 1.2 వాట్ల కంటే ఎక్కువ వేడి ప్రవహించకూడదు. ఏ పొరా కప్పని వట్టి స్లాబులో ఈ అంకె 3 దాటుతుంది. అడుగు మందపు మట్టి మిద్దెకు లెక్క కడితే, మట్టి సాంద్రతను బట్టి, తడిని బట్టి, 1కీ 1.5కీ మధ్య వస్తుంది. కొత్త నిబంధన కోరిన మెట్టుకు పాత మిద్దె దాదాపు చేరుకునే ఉందన్నమాట.

ఆ సంహిత 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాల్లో కట్టే నివాసాలకు ఉద్దేశించినది. మన లెక్కలో అది పన్నెండు సెంట్ల పైచిలుకు. సెంటు, సెంటున్నర స్థలంలో ఇల్లు కట్టుకున్న కూలీ కుటుంబానికి ఆ నిబంధన వర్తించదు, ఏసీ కొనే స్తోమతా ఉండదు. రక్షణ ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళే దాని బయట మిగిలిపోయారు.

సెంటు స్థలంలో వాతావరణానికి తగిన ఇల్లు ఏం కట్టగలం అనే మాట తరచుగా వినబడుతుంది. ఇండోర్‌లో వాస్తుశిల్పి బాలకృష్ణ దోషి రూపొందించిన అరణ్య కాలనీ ఈ మాటకు సమాధానం. 1995లో ఆగా ఖాన్ అవార్డు పొందిన ఈ కాలనీలో అతి పేద కుటుంబాలకు ఇచ్చిన స్థలం దాదాపు 35 చదరపు మీటర్లు. ఒక సెంటు 40 చదరపు మీటర్లకు కొంచెం ఎక్కువ కనుక, అరణ్యలోని స్థలం మన సెంటు కంటే కూడా చిన్నది. అక్కడ పునాది అరుగు, మరుగుదొడ్డి, నీటి వసతి ఉన్న ఒక మూల కట్టి ఇచ్చి, మిగతా ఇంటిని కుటుంబం తన సంపాదనను బట్టి పెంచుకునే వీలు కల్పించారు. చల్లదనానికి సంబంధించిన అసలు మెలకువ మాత్రం వీధుల్లో ఉంది. ఇళ్ళను ఒకదాని పక్కన ఒకటి గోడలు కలిపి పేర్చడంతో ఒక ఇంటి నీడ మరో ఇంటి మీద పడుతుంది, సన్నని వీధులు చాలా సేపు నీడలోనే ఉంటాయి, పక్క గోడలకు ఎండే తగలదు. మన కాలనీల్లో ఇంటికీ ఇంటికీ మధ్య రెండు మూడు అడుగుల సందు వదిలి, గాలి కూడా ఆడని ఆ సందులో నాలుగు గోడలనూ ఎండబెడుతున్నారు. 2018లో దోషికి ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చినప్పుడు ఎంపిక సంఘం ప్రశంసలో ఈ కాలనీ ప్రస్తావన ఉంది. ఎనభై వేల మందికి నీడనిచ్చిన 6,500 ఇళ్ళ కాలనీ ఏ అద్దాల మేడ కంటే తక్కువ వాస్తుకళ అని ఎవరూ అనలేరు.

సామగ్రి విషయంలో సీమకున్నంత అదృష్టం చాలా ప్రాంతాలకు లేదు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల నేల కిందంతా సున్నపురాయి పరుపులు పరుపులుగా ఉంది. ఈ రాయికి ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి, పొరలుగా చీల్చి నాపబండగా, కడప బండగా అమ్మడం. రెండోది, పొడిచేసి సిమెంటు బట్టీకి పంపడం. బట్టీలో 1,450 డిగ్రీల దాకా కాల్చాలి, దానికి బొగ్గు కావాలి. అంతకు మించి, సున్నపురాయిని కాల్చినప్పుడు రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ విడుదలవుతుంది. స్వచ్ఛమైన రాయి టన్నుకు 440 కిలోలు గాలిలో కలుస్తుంది. ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో ఏడెనిమిది శాతం సిమెంటుదే కావడానికి పెద్ద కారణం ఇదే. బండగా వాడితే కోత ఖర్చు, రవాణా ఖర్చు తప్ప ఇవేవీ ఉండవు. అదే రాతిని 900 డిగ్రీల దగ్గర కాల్చి గానుగ సున్నంగా వాడితే, అది గట్టిపడుతూ గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను తిరిగి కొంత తీసుకుంటుంది.

నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు పల్లెల్లో నాపబండల మిద్దెలు ఇప్పటికీ కనబడతాయి. దూలాల మీద బండలు పరిచి, సందులు సున్నంతో పూడ్చి, మీద మట్టో గచ్చో వేస్తారు. జనాభా లెక్కల వర్గీకరణలో కూడా రాతి కప్పు పక్కా కప్పు కిందే వస్తుంది. కలప దూలాల స్థానంలో ఇనుప దూలాలో, ముందే పోతపోసిన సన్నని కాంక్రీటు దూలాలో వాడితే చెద భయం పోతుంది, సిమెంటు ఎంతో తగ్గుతుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. రాయి వేడిని కాంక్రీటులాగే త్వరగా లోపలికి పంపుతుంది, నల్లని కడప బండ ఎండను మరింత పీల్చుకుంటుంది. వట్టి బండ పరిచి వదిలేస్తే స్లాబు కంటే మేలేమీ జరగదు. బండ బరువును మోసే పొర. వేడిని ఆపడానికి దాని మీద మట్టి పొరో, బోర్లించిన కుండల పొరో, గాలి ఆడే ఖాళీయో ఉండి తీరాలి.

స్లాబే వేయాలనుకునేవారికి వాస్తుశిల్పి లారీ బేకర్ చూపిన దారి ఉంది. ఇంగ్లండులో పుట్టి, 1945లో భారతదేశానికి వచ్చి, తిరువనంతపురంలో స్థిరపడి, 1990లో పద్మశ్రీ అందుకున్న బేకర్, స్లాబు అడుగు భాగంలో కాంక్రీటు పెద్దగా బరువు మోయదన్న సూత్రం మీద కమ్ముల మధ్య గళ్ళలో పెంకులు పెట్టి పోత పోయించేవారు. పెంకు పరిమాణం మేరకు కాంక్రీటు మిగులుతుంది, రెండు పెంకుల మధ్య చిక్కిన గాలి వేడిని కొంత ఆపుతుంది. ఇటుకలను నిలువుగా పెట్టి మధ్యలో బోలు వదిలే ఆయన గోడ కట్టుబడిలో ఇటుకలు నాలుగో వంతు దాకా ఆదా అవుతాయి, ఆ బోలే వేడికి అడ్డు. కేరళ తేమ కోసం ఆయన కట్టిన జాలీ గోడలను, అంటే ఇటుకల మధ్య రంధ్రాలు వదిలిన గోడలను, సీమలో నాలుగు వైపులా పెడితే దుమ్ము తప్ప మరేమీ మిగలదు గాని, పడమటి పంచకు జాలీ బాగా అమరుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా ఇక్కడ బలంగా వీచేది నైరుతి గాలి, రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టింది ఆ గాలి కోసమే. ఆ గాలి కావాలి, పడమటి ఎండ వద్దు అనుకున్నప్పుడు రెంటినీ వేరుచేయగలిగేది జాలీయే.

మట్టి గోడల మాట వచ్చినప్పుడు నేల రకం చూడాలి. అనంతపురం ఎర్రనేలల్లో మట్టికి అయిదు శాతం సిమెంటు కలిపి యంత్రంలో నొక్కితే, కాల్చే పని లేకుండా మంచి ఇటుక వస్తుంది. పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్ వాళ్ళు ఇలాంటి ఇటుకలతో కట్టిన సందర్శకుల కేంద్రానికి 1992లో, పేదల కోసం చేసే వాస్తుకళకు ఇచ్చే హసన్ ఫతీ పురస్కారం లభించింది. కర్నూలు, నంద్యాల నల్లరేగడికి ఈ పద్ధతి పనికిరాదు. తడిస్తే ఉబ్బి ఎండితే నెర్రెలిచ్చే ఆ మట్టి ఇటుకనూ పగలగొడుతుంది, పునాదినీ కదిలిస్తుంది. నది ఒడ్డున అసలే కుదరదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు మట్టి గోడలు ఏమయ్యాయో ఆ ఊరి వాళ్ళకు చెప్పనక్కరలేదు. పాకిస్తాన్‌లోని సింధులో 2010 వరదల తర్వాత వాస్తుశిల్పి యాస్మిన్ లారీ మట్టికి సున్నం కలిపి, వెదురు చట్రాలతో ఇళ్ళు కట్టించారు. 2023లో వాస్తుశిల్పులకు బ్రిటన్ ఇచ్చే రాయల్ గోల్డ్ మెడల్ ఆమెకు వచ్చింది. సున్నం కలిసిన మట్టి నీటికి త్వరగా కరగదు. సున్నపురాయి మీదే కూర్చున్న సీమలో ఈ ప్రయోగం మొదలుపెట్టడానికి సరుకు కొరత లేదు, సున్నం పాళ్ళు ఎరిగిన మేస్త్రీల కొరతే ఉంది.

ఇప్పటికే నిలబడి ఉన్న లక్షల స్లాబు ఇళ్ళను ఏం చేయాలన్నది కొత్త ఇళ్ళ కంటే పెద్ద ప్రశ్న. అన్నిటికంటే చవకైనది తెల్లసున్నం పూత. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. వానకు కొట్టుకుపోతుంది కనుక ఏటా మార్చిలో మళ్ళీ వేసుకోవాలి. తెలంగాణ 2023లో చల్లని కప్పుల విధానం ప్రకటించింది, ఎండ విషయంలో ఏ మాత్రం తీసిపోని సీమ జిల్లాలకు అలాంటి విధానం ఇంకా ఎక్కువ అవసరం. పూత ఏటా వేయలేనివారు పగిలిన తెల్ల టైలు ముక్కలు తక్కువ ధరకు తెచ్చి సిమెంటులో పొదిగించుకోవచ్చు. అహ్మదాబాదులో దోషి తన సొంత కార్యాలయం సంగత్ కమాను కప్పుల మీద వేయించింది ఇలాంటి పింగాణీ ముక్కలే.

వీటన్నిటి కంటే బలమైన ఉపాయం గాండో బడిదే, అంటే ఎండను స్లాబు దాకా రానివ్వకపోవడం. వేసవిలో వాకిట్లో చలువ పందిరి వేసే సీమకు ఈ సూత్రం కొత్తది కాదు, దాన్ని వాకిట్లోంచి మిద్దె మీదికి ఎక్కించాలి అంతే. పట్టణాల్లో వాన కారకుండా స్లాబు మీద రేకుల షెడ్డు వేయించుకునేవాళ్ళు తెలియకుండానే సగం పని చేస్తున్నారు. చాలా షెడ్లకు చుట్టూ గోడ కట్టేయడంతో కాలిన రేకు కింద గాలి కదలక, ఆ వేడి స్లాబు మీదే కూర్చుంటోంది. రేకు కింద నైరుతి, ఈశాన్యం వైపులు పూర్తిగా తెరిచి ఉంచాలి, పడమటి చూరు గోడను మూడడుగులైనా దాటి రావాలి. షెడ్డుకు స్తోమత లేనివారు కట్టెలు పాతి జొన్నసొప్పో కొబ్బరి మట్టలో కప్పినా మూడు నెలలకు సరిపోతుంది, నిప్పు జాగ్రత్త ఒకటి చూసుకోవాలి. రేకైనా సొప్పయినా ఆషాఢ గాలికి లేచిపోయే బరువే కనుక, చట్రాన్ని స్లాబు అంచు కమ్ములకు ముందుగానే బిగించి ఉంచాలి.